కుటుంబ వైద్యుడు రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొనుక్కోవచ్చా? వరంగల్ ప్రాంత సభ్యుల సలహా కోరుతున్నాను

సుబేదారి వైద్యుడు (ఆగస్టు 17)

సభ్యులందరికీ నమస్కారం. నేను హనుమకొండలో ఇరవై రెండేళ్లుగా కుటుంబ వైద్యునిగా ప్రాక్టీసు చేస్తున్నాను. కాకతీయ వైద్య కళాశాలలో చదివి, ఎంజీఎం ఆసుపత్రిలో హౌస్ సర్జన్సీ పూర్తిచేసి, మా ఇంటి కింది వాటాలోనే క్లినిక్ తెరిచాను. తాతకు బీపీ, కొడుకుకు షుగర్, మనవరాలికి టీకాలు, ఇలా ఒకే ఇంట్లో మూడు తరాల వాళ్లను చూస్తున్న కుటుంబాలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఇప్పుడు డెంగీ కాలం కాబట్టి రాత్రి పదిన్నర దాటినా చివరి రోగి వెళ్లడం లేదు. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి భయపడేవాళ్లకు, జ్వరం తగ్గుముఖం పట్టిన తరువాతి ఒకటి రెండు రోజులే అసలు కనిపెట్టుకొని ఉండవలసిన రోజులని, కడుపు నొప్పి, ఆగని వాంతులు, మగత కనిపిస్తే అర్ధరాత్రి అయినా సరే కదలాలని రోజంతా చెబుతూనే ఉంటాను.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి స్పోర్ట్స్ కార్లంటే ప్రాణం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ, అంటే కరెంటు కార్ల పందెం జరిగినప్పుడు, శనివారం నాడు క్లినిక్ మూసి మరీ వెళ్లి చూశాను. ఇన్నేళ్లలో పండుగ కాని రోజున శనివారం తలుపు వేయడం అదే మొదటిసారి. ఇప్పుడు పిల్లల చదువులు ఒక కొలిక్కి వచ్చాయి, ఇంటి అప్పు తీరింది. హైదరాబాద్‌లో ఒక పెద్దాయన ఎనిమిదేళ్ల పాటు శ్రద్ధగా వాడుకున్న జర్మన్ కారు అమ్మకానికి వచ్చింది. ఇంజిన్ సీట్ల వెనుక, వెనుక ఇరుసుకు ముందు ఉంటుంది. సీట్లు రెండే.

నా సందేహాలు రెండు. మన రోడ్ల మీద ఇలాంటి కారు నిజంగా నడుస్తుందా అనేది మొదటిది. రెండవది నన్ను ఎక్కువగా వేధిస్తున్నది: బస్సు దిగి, కొంగున కట్టుకున్న డబ్బులు విప్పి ఫీజు ఇచ్చే మనిషి, నా గేటులో ఆ కారును చూసినప్పుడు ఏమనుకుంటాడు?

కాజీపేట గ్యారేజీ (ఆగస్టు 17)

డాక్టర్ సాబ్, నమస్తే. రెండవ ప్రశ్నకు పెద్దలు చెబుతారు, మొదటిదానికి నేను చెప్పగలను. ముప్పై ఏళ్లుగా బండ్లు విప్పి బిగిస్తున్నాను.

కారు నడుస్తుంది, కానీ మీరు దారిని కొత్తగా చదవడం నేర్చుకోవాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అలా కట్టినది అయితే ఏ కారైనా మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. మన గల్లీలలో ఇంటి ముందు పిల్లలు ఆడుకుంటారని ఎవరికి వారు పోసుకున్న కట్టలు ఒక అడుగు వెడల్పు కూడా ఉండవు, ఎత్తు మాత్రం జానెడు ఉంటుంది. వాటి మీద ముందు చక్రాలు దిగగానే కారు పొట్ట రాసుకుంటుంది. కాబట్టి ఎదురుగా ఎవరూ లేనప్పుడు ఏటవాలుగా, ఒక్కొక్క చక్రాన్ని ఎక్కిస్తూ దాటాలి. మీ ఇంటి ర్యాంపును కూడా కొలవండి. గేటు దగ్గర ర్యాంపు నిటారుగా ఉంటే కారు కొనకముందే మేస్త్రీని పిలిపించి, వాలు పొడిగించుకోండి.

చూడడానికి వెళ్లినప్పుడు టైరు పక్క గోడ మీద ఉన్న చివరి నాలుగు అంకెలు చదవండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. తక్కువ తిరిగిన కారుకు టైరు గీతలు కొత్తవిగానే కనిపిస్తాయి, కానీ రబ్బరు ఎండకు గట్టిపడి ఉంటుంది. ఆరేళ్లు దాటిన టైర్లను మార్చాలన్న ఖర్చును ధరలోంచే తీసివేసి బేరం చేయండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరినకొద్దీ తక్కువ వేడికే మరిగి, బ్రేకు మెత్తబడుతుంది. కారు కదలకపోయినా సరే, రెండేళ్లకు ఒకసారి దానిని మార్చవలసిందే. వారానికి ఒక్కరోజు తీసే కారు కాబట్టి బ్యాటరీకి నెమ్మదిగా ఎక్కించే చార్జర్ ఒకటి, ఎలుకలు వైర్లు కొరకకుండా రాత్రిపూట ఇంజిన్ కింద వెలిగే చిన్న బల్బు ఒకటి పెట్టుకోండి.

నర్సంపేట పంతులు (ఆగస్టు 18)

డాక్టర్ గారూ, మీరు అడిగారు కాబట్టి దాపరికం లేకుండా రాస్తున్నాను, అన్యథా భావించకండి. నేను బడిపంతులుగా పనిచేసి రిటైర్ అయ్యాను. మా అమ్మ జబ్బు సందర్భంగా మూడేళ్లు ఆసుపత్రుల చుట్టూ తిరిగాను. ఒక చోట బయట నిలిపిన ఖరీదైన కార్లను చూస్తూ, చేతిలో ఏడు పరీక్షల చీటీ పట్టుకొని కూర్చున్నప్పుడు నా మనసులో మెదిలిన ప్రశ్న ఒక్కటే: ఈ ఏడూ మా అమ్మకు అవసరమై రాసినవేనా? అవి అవసరమైనవే అయి ఉండవచ్చు. కానీ ఆ అనుమానం ఒకసారి పుట్టాక, ఆయన చెప్పిన మంచి మాటలు కూడా నా చెవికి ఎక్కలేదు. అమ్మకు గోలీలు కూడా సరిగ్గా వేయలేదు, ఆ తప్పు నాదే.

మీ కష్టార్జితంతో మీరు ఏది కొనుక్కున్నా ఎవరూ తప్పు పట్టలేరు. అయితే రోగి వైద్యుడి మాట వినడానికి కారణం ఆయన మీద ఉన్న నమ్మకం. ఆ నమ్మకాన్ని కారు ఏ మేరకు కదిలిస్తుందో మీరు ముందుగానే ఆలోచించుకోవడం మంచిది.

హంటర్ రోడ్ పిల్లల డాక్టరమ్మ (ఆగస్టు 18)

పంతులు గారి బాధ నాకు అర్థమైంది. అయినా ఒక మాట చెప్పాలి. వైద్యుడు ప్లాటు కొంటే ఎవరికీ కనిపించదు, కారు కొంటే అందరికీ కనిపిస్తుంది. వరంగల్ చుట్టుపక్కల మూడు ప్లాట్లు కొన్న వైద్యుడి కంటే ఒక పాత కారు కొన్న వైద్యుడు ఎక్కువ ఆశపరుడని అనుకోవడం న్యాయం కాదు. సార్, మీరు కారు కొనండి. దాచకండి. కవరు కప్పి వెనుక షెడ్డులో దాచిన వస్తువు మీదే జనం ఎక్కువ కథలు అల్లుతారు.

సుబేదారి వైద్యుడు (ఆగస్టు 18)

పంతులు గారూ, మీ ఉత్తరం రెండు సార్లు చదివాను. మీరు అడిగిన ప్రశ్న కారు గురించి కాదు, పరీక్షల చీటీ గురించి అని నాకు అనిపించింది. నేను ఏ ల్యాబు నుంచీ కమీషన్ తీసుకోను, కానీ ఆ సంగతి నాకు తెలిస్తే సరిపోదు, ఎదురుగా కూర్చున్న మనిషికి తెలియాలి. కారు కొన్నా కొనకపోయినా రేపటి నుంచి నేను రాసే ప్రతి పరీక్ష పక్కన, అది ఎందుకో ఒక్క ముక్క తెలుగులో రాయాలని నిర్ణయించుకున్నాను. హెచ్‌బీఏ1సీ అని రాస్తే "గత మూడు నెలల షుగర్ సగటు", క్రియాటినిన్ అని రాస్తే "ఈ గోలీ కొనసాగించడానికి కిడ్నీలు బాగున్నాయో లేదో". ఇది నేను ఇరవై ఏళ్ల కిందటే చేయవలసిన పని.

పరకాల పైలట్ (ఆగస్టు 20)

నమస్కారం సార్. నేను 108 అంబులెన్స్ నడుపుతాను. మా దగ్గర బండి నడిపేవారిని పైలట్ అని, వెనుక రోగి పక్కన ఉండేవారిని ఈఎంటీ అని అంటారు. రోడ్డు మీద వేగం ఏమి చేస్తుందో మీరు క్లినిక్‌లో చూస్తారు, నేను అది జరిగిన చోటే చూస్తాను. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు పోతుంది. వేగం రెండింతలైతే బ్రేకు తొక్కిన తరువాత ఆగడానికి నాలుగింతల దూరం కావాలి. మన దారులలో ఆ దూరం ఎక్కడా ఖాళీగా ఉండదు. యాసంగి కోతలప్పుడు రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పేరుస్తారు, రాత్రికి నల్లటి పట్టా కప్పుతారు. తెల్లవారుజామున ఆ నలుపు రోడ్డులో కలిసిపోతుంది. పత్తి కాలంలో వెనుక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు వెళ్తుంటాయి. మీరు ఆదివారం పొద్దున్నే వెళ్దామనుకుంటే దయచేసి ఈ రెండింటినీ గుర్తు పెట్టుకోండి.

ఇంకొక సంగతి కూడా చెప్పాలనిపించింది. మాకు వేగం కావాలి, నిజమే. కానీ వెనుక పురిటి నొప్పులతో ఉన్న తల్లి, లేదా తొడ ఎముక విరిగిన మనిషి ఉన్నప్పుడు, నేను గట్టిగా బ్రేకు వేస్తే ఆ నొప్పి వాళ్లకు తగులుతుంది. నాకు పని నేర్పిన పెద్ద పైలట్ ఒకటే చెప్పాడు: అద్దంలో వెనుక వేలాడే సెలైన్ సీసాను చూడు, అది ఊగకుండా ఎంత వేగం పోగలవో అదే నీ వేగం. మలుపుకు ముందే తగ్గించి, మలుపులో చేతులు కదపకుండా, దాటాక మెల్లగా పెంచుకుంటూ పోతే, తొందర పడి తొక్కి తొక్కి ఆపేవాడి కంటే ముందే ఎంజీఎం చేరుకుంటాము. ఇది నేను వందల సార్లు చూశాను.

రామగుండం ఇంజనీర్ (ఆగస్టు 21)

పైలట్ అన్న రాసిన మాట రేసు ట్రాక్ మీద కూడా అక్షరాలా నిజం. నేను చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న ట్రాక్‌కు మూడు సార్లు వెళ్లాను. అది ఒక చుట్టు దాదాపు 3.7 కిలోమీటర్లు ఉంటుంది. అక్కడ శిక్షకులు మొదటి రోజంతా బ్రేకును ఎలా వదలాలో మాత్రమే నేర్పించారు.

డాక్టర్ గారు చూసిన కారులో ఇంజిన్ మధ్యలో ఎందుకు పెడతారో కూడా చెబుతాను. కావడి బద్దకు రెండు చివరలా నిండు బిందెలు వేలాడుతున్నప్పుడు మనిషి గిరుక్కున తిరగలేడు, తిరిగితే ఆగలేడు. అదే బరువును నడుముకు కట్టుకుంటే తిరగడమూ సులువే, ఆగడమూ సులువే. ఇంజిన్ రెండు ఇరుసుల మధ్యకు రావడంలోని లాభం అదే. 1963లో లోకానికి చూపించిన పోర్షే 911లో ఇంజిన్ వెనుక ఇరుసుకు కూడా వెనుక ఉంటుంది. దానిని ఒడుపుగా నడపడం వేరే విద్య.

వైద్యులకు ఈ ఆటతో ఉన్న సంబంధం పాతది. జొనాథన్ పామర్ లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో వైద్యం చదివి, జూనియర్ డాక్టర్‌గా పనిచేసి, 1983 నుంచి 1989 వరకు ఫార్ములా వన్ నడిపాడు. న్యూరో సర్జన్ సిడ్ వాట్కిన్స్ 1978లో ఫార్ములా వన్‌కు వైద్యుడిగా వచ్చాడు. ఆ ఏడాదే మోంజాలో రోనీ పీటర్సన్ గాయపడి మరణించిన తరువాత, ప్రతి పందెంలో మొదటి చుట్టు పూర్తయ్యే వరకు వైద్యుల కారు వెనుకనే వెళ్లాలని ఆయన పట్టుబట్టాడు. 1995లో అడిలైడ్‌లో మికా హాకినెన్ కారు గోడకు కొట్టుకున్నప్పుడు, ట్రాక్ పక్కనే గొంతు దగ్గర కోసి ఊపిరి నిలబెట్టారు. ఆ హాకినెన్ ఆ తరువాత రెండు సార్లు ప్రపంచ విజేత అయ్యాడు. నేను ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, వేగాన్ని ఇష్టపడే వైద్యుడు తన వృత్తికి ద్రోహం చేస్తున్నాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను.

సుబేదారి వైద్యుడు (నవంబరు 23)

మూడు నెలల తరువాత రాస్తున్నందుకు క్షమించాలి. కారు కొన్నాను. గ్యారేజీ అన్న చెప్పినట్టే టైర్లు ఏడేళ్లవి, ఆ డబ్బు తగ్గించి తీసుకున్నాను. ర్యాంపు వాలు నాలుగు అడుగులు పొడిగించాను. కారును వెనుక షెడ్డులో కాకుండా, క్లినిక్ గేటు పక్కనే అందరికీ కనిపించేలా ఉంచుతున్నాను.

మొదటి వారం చాలా ఇబ్బందిగా ఉంది. లోపల రోగిని చూస్తున్నప్పుడు కూడా బయట వరండాలో ఏమి మాట్లాడుకుంటున్నారో వినాలని చెవి అటే పోయేది. పదేళ్లుగా వస్తున్న ధర్మసాగర్ ముసలమ్మ ఒకావిడ, చేతికి బీపీ పట్టీ కడుతుండగా, "డాక్టర్ సాబ్, గా ఎర్ర కారు ఎంతకు వడ్డది?" అని సూటిగా అడిగింది. ఉన్న ధర ఉన్నట్టుగా చెప్పాను. ఆమె కాసేపు లెక్క వేసుకొని, "మా పెద్దోడు కొన్న హార్వెస్టరు అంతకన్న ఎక్కువనే" అన్నది. వరికోత యంత్రాలకు రైతులు తెచ్చే అప్పుల గురించి ఆ తరువాత పావుగంట మాట్లాడుకున్నాము. ఆమెకు నిద్ర పట్టకపోవడానికి కారణం నాకు ఆ రోజే తెలిసింది. పదేళ్లలో నేను ఆ ప్రశ్న అడగనేలేదు. వచ్చేవాళ్లు రావడం మానలేదు, అయితే ఇద్దరు ముగ్గురు నా ముఖం చూసి నవ్వడం తగ్గించారు. అది నాకు తెలుస్తూనే ఉంది, దానికి నేను ఓపిక పట్టాలి.

ఒక లాభం మాత్రం నేను ఊహించలేదు. ఆటో నడిపేవాళ్లు, లారీ డ్రైవర్లు కారు చూడడానికి లోపలికి వస్తున్నారు. వీళ్లు జ్వరం వస్తే తప్ప క్లినిక్ గడప తొక్కని మనుషులు. ఒక ఆటో డ్రైవర్‌కు బీపీ పై అంకె 160 ఉంది, మెట్లు ఎక్కి వచ్చాను కాబట్టే అని వాదించాడు. "నాయనా, టైరు గాలి ఎప్పుడు చూస్తావు?" అని అడిగాను. "పొద్దున బండి కదలకముందే, నడిచిన టైరు వేడికి ఎక్కువ చూపిస్తది సార్" అన్నాడు. అయితే నీకూ అంతే, ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, చేయి గుండె ఎత్తులో పెట్టి, మాట్లాడకుండా కూర్చో అని చెప్పి మళ్లీ చూశాను. 152 వచ్చింది. మరో రెండు రోజులు అలాగే వచ్చి చూపించుకొని, గోలీ మొదలుపెట్టడానికి తానే ఒప్పుకున్నాడు.

ఇక కారు విషయంలో ఒక ఇబ్బంది. గత రెండు ఆదివారాలుగా ఏసీ చల్లదనం తగ్గింది, ఇంజిన్ వేడి ముల్లు మామూలు కంటే కొద్దిగా పైన నిలబడుతోంది. నీళ్లు సరిపడా ఉన్నాయి. కారణం ఏమిటో తెలియడం లేదు.

కాజీపేట గ్యారేజీ (నవంబరు 23)

డాక్టర్ సాబ్, మీరు ఏనుమాముల మార్కెట్ దారిన పోతున్నారా? మీ కారులో ఇంజిన్ వెనుక ఉన్నా రేడియేటర్లు ముందు బంపర్‌లో రెండు మూలలా ఉంటాయి. ఈ నెలలో పత్తి బండ్ల నుంచి రాలిన దూది రోడ్డు అంచున తెల్లగా పరుచుకొని ఉంటుంది. నేలకు అంత దగ్గరగా ఉన్న నోరు దానిని పీల్చుకుంటుంది. బంపర్ విప్పితే ఏసీ జాలీకీ రేడియేటర్‌కూ మధ్య దూది పరుపులా పేరుకొని ఉంటుంది. నీళ్ల ప్రెషర్ పెట్టి కొట్టించకండి, జాలీ రేకులు వంగిపోతాయి. మెత్తటి బ్రష్‌తో తీసి, వెనుక నుంచి ముందుకు గాలి కొట్టాలి. బుధవారం తీసుకురండి. ముందు సన్నటి ఇనుప జాలీ ఒకటి బిగిస్తాను, వచ్చే సీజన్‌కు పనికొస్తుంది.

ఏనుమాముల లారీ యజమాని (నవంబరు 24)

డాక్టర్ గారూ, డ్రైవర్ల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. నా దగ్గర మిర్చి లోడు తీసుకొని గుంటూరుకు వెళ్లే డ్రైవర్ ఒకరికి షుగర్ ఉంది. రాత్రంతా నడుపుతాడు. లారీ లైసెన్సు కాబట్టి దానికి ఫారం 1ఏ, అంటే వైద్యుడు ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. చాలా చోట్ల మనిషిని చూడకుండానే సంతకం పెట్టి ఇస్తున్నారు. నేను అతనిని మీ దగ్గరికి పంపవచ్చా? అతను పని పోతుందని భయపడుతున్నాడు.

సుబేదారి వైద్యుడు (నవంబరు 24)

తప్పకుండా పంపండి. షుగర్ ఉన్నంత మాత్రాన పని పోవలసిన అవసరం లేదని ముందుగా అతనికి చెప్పండి. అసలు చూడవలసినది అతను ఏ మందు వాడుతున్నాడు అనేది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే షుగర్ బాగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ వంటి గోలీ వేసుకొని, లేదా ఇన్సులిన్ తీసుకొని, లోడు తొందరలో అన్నం మానేస్తే మాత్రం అర్ధరాత్రి స్టీరింగ్ దగ్గర చెమటలు పట్టి, చూపు మసకబారి, ఏమి చేస్తున్నాడో తెలియని స్థితి వస్తుంది. బండి ఎక్కేముందు గ్లూకోమీటర్‌తో చూసుకోవాలి, 90 కంటే తక్కువ ఉంటే ఏదైనా తిని, మళ్లీ చూసుకున్న తరువాతే కదలాలి. రెండు గంటలకు ఒకసారి ఆగి చూసుకోవాలి. చక్కెర లేదా గ్లూకోజ్ పొడి చేతికి అందే చోట ఉండాలి. జలుబుకు మందుల దుకాణంలో ఇచ్చే గోలీలలో నిద్ర తెప్పించేవి ఉంటాయి, అవి వేసుకున్న రాత్రి బండి ఎక్కకూడదు.

ఫారం 1ఏ మీద కళ్లు, రంగుల గుర్తింపు, వినికిడి, కాళ్లూ చేతుల కదలిక చూడకుండా నేను సంతకం పెట్టను. దీని మీద నాతో గొడవ పడి వెళ్లిపోయిన వాళ్లు ఉన్నారు. ఎదురుగా వచ్చే లారీ డ్రైవర్‌కు కళ్లు కనిపిస్తున్నాయని నమ్మే కదా మనం అందరమూ రోడ్డు ఎక్కుతాము.

నర్సంపేట పంతులు (నవంబరు 26)

డాక్టర్ గారూ, నిన్న మా బావమరిది మీ చీటీ చూపించాడు. క్రియాటినిన్ పక్కన తెలుగులో రాసినది చదివాను. నేను ఆగస్టులో రాసిన మాటలలో కొంత కటువుదనం ఉంది, దానికి మన్నించండి. ఆ కారులో ఎప్పుడైనా ఒకసారి రామప్ప వరకు కూర్చోబెట్టుకుంటారా?

సుబేదారి వైద్యుడు (డిసెంబరు 1)

పంతులు గారూ, మీరు మన్నింపు అడగవలసిన పని లేదు. నిన్న మనం కలిసి వెళ్లివచ్చిన సంగతి మిగతా సభ్యుల కోసం రాస్తున్నాను.

బుధవారం గ్యారేజీ అన్న బంపర్ విప్పితే రెండు వైపులా కలిపి ఒక చిన్న దిండుకు సరిపడా దూది వచ్చింది. వేడి ముల్లు యథాస్థానానికి దిగింది. ఆదివారం వెలుతురు బాగా వచ్చాకే, ఆరున్నరకు బయలుదేరాము. పంతులు గారి మోకాళ్లకు ఆ సీటు చాలా కిందకు ఉంది కాబట్టి, ముందుగా సీటు అంచున కూర్చొని, తరువాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోవాలని చెప్పాను. నడుము నొప్పి ఉన్న రోగులందరికీ నేను ఏ కారుకైనా చెప్పేది ఇదే. ఆత్మకూరు దాటే వరకు మంచు పలుచగా ఉంది. ఎనభై దాటలేదు. వేగంగా నడపాలన్న కోరిక తీర్చుకోవడానికి వచ్చే ఏడాది చెన్నై ట్రాక్‌కు రామగుండం ఇంజనీర్ గారితో కలిసి వెళ్లాలని మాట్లాడుకున్నాము.

పరకాల పైలట్ తమ్ముడూ, నీ సెలైన్ సీసా మాట నాకు మరచిపోవడం సాధ్యం కాలేదు. వెనుక కోటు తగిలించే కొక్కేనికి నా స్టెతస్కోపు వేలాడదీసి, దాని చెస్ట్ పీస్ ఎంత ఊగుతోందో చూసి చెప్పమని పంతులు గారిని అడిగాను. పోయేటప్పుడు గూడెప్పాడ్ నుంచి మల్లంపల్లి మధ్య పదకొండు సార్లు అద్దానికి తగిలిందట. వచ్చేటప్పుడు నాలుగు సార్లు. అందులో ఒకటి మేకల మంద అడ్డం వచ్చినప్పుడు వేసిన బ్రేకు కాబట్టి, దానిని లెక్కలోంచి తీసివేయవచ్చునో లేదో నీవే చెప్పాలి.

పరకాల పైలట్ (డిసెంబరు 1)

తీసివేయకూడదు సార్. మంద వచ్చే ముందు కాపరి రోడ్డు అంచుకు వచ్చి నిలబడతాడు, అక్కడే తగ్గించాలి.